ఈ భట్టీలో పాత టైమే

అక్టోబర్ 26, శుక్రవారం

బుధవారం డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముల్లు ఆగిన చోటు చూసి కళ్ళద్దాలు తీసేసింది. "మాలెం బూష్తా, కోపమొస్తే మీరేం చేస్తారు?" అని అడిగింది. చేతిపని మేస్త్రీని మా దగ్గర మాలెం అంటారు. "అరుస్తాను" అన్నాను. "ఇకమీదట అరవకండి. కాగితం మీద రాసుకోండి. ఎవరికీ చూపించక్కర్లేదు. రాసి మూసెయ్యండి" అంది. ఏడో క్లాసుతో ఆగిపోయినవాణ్ణి, ముప్పై ఏళ్ళుగా ఇళ్ళవాళ్ళు తెచ్చే రొట్టెలు కాల్చి ఇచ్చే భట్టీ దగ్గర నిలబడ్డవాణ్ణి, నాకు రాతేమిటి అనుకున్నాను.

నోటుబుక్కు ఖౌలా ఇచ్చింది. దాని లెక్కల నోటుబుక్కట. ముందు పేజీల్లో సగం దాని లెక్కలున్నాయి. "నువ్వు వెనక నుంచి రాసుకో నాన్నా, మధ్యలో కలుసుకుందాం" అని నవ్వింది. పదిహేనేళ్ళకే దానికి నాలుక బాగా పదునెక్కింది.

రెండు రోజులు తెల్లకాగితం చూస్తూ కూర్చున్నాను. ఇవాళ రాజధాని రబాత్‌లో మంత్రులు నాకు విషయం ఇచ్చారు.

ఏటా ఎండాకాలానికి ముందు గడియారాలు గంట ముందుకి తోస్తారు. చలికాలం రాగానే ఆ గంట మనకి తిరిగిచ్చేస్తారు. ఆ కొత్త టైము చుట్టంలా వచ్చేది, చుట్టంలా పోయేది, ఓర్చుకునేవాళ్ళం. ఈ ఆదివారం పోవాలి. పోదట. ఇక ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుందట, రంజాన్ నెల ఒక్కటీ తప్ప. శుక్రవారం చెప్పారు, ఆదివారం నుంచి. అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించాలన్నా నెల గడువిస్తాం కదా? మొరాకో మొత్తానికి రెండు రోజులిచ్చారు.

డిసెంబర్‌లో సూర్యుడు ఎనిమిదింబావు దాటాక వస్తాడు. బడి ఎనిమిదికి. లెక్క వాళ్ళకి రాదా?

ఇంత రాసినా కోపం తగ్గలేదు. డాక్టరమ్మకి చెప్పాలి.

అక్టోబర్ 28, ఆదివారం

తెల్లారి లేచేసరికి ఫోను తనంతట తానే గంట వెనక్కి జరిగి కూర్చుంది. రబాత్ మాట దానికింకా అందినట్టు లేదు. భలే సంతోషమేసింది. నా భార్య రహ్మా ఫోను లాక్కుని, "ఇది తప్పు చూపిస్తోంది, సరిచెయ్" అంది. తప్పు చూపించేది ఇది కాదన్నాను.

భట్టీకి వెళ్ళి గోడ గడియారం దించి, బూడిద తుడిచి, ముల్లు గంట వెనక్కి తిప్పాను. అట్టముక్క మీద ఖౌలా చేత పెద్ద అక్షరాలతో రాయించి తలుపుకి కొట్టాను: ఈ భట్టీలో పాత టైమే.

"ప్రభుత్వం మీద యుద్ధమా నాన్నా?" అంది ఖౌలా.

"యుద్ధం కాదే, నిజం."

"సరే, నీ నిజానికి మేకులు గట్టిగా కొట్టు. గాలొస్తే ఎగిరిపోతుంది."

అక్టోబర్ 29, సోమవారం

ఊరంతా పిచ్చాసుపత్రిలా ఉంది. ఫోను నమ్మినవాళ్ళందరూ పనికి గంట లేటు. పోస్టాఫీసు తెరిచారో లేదో అక్కడి బంట్రోతుకే తెలియదు. మా వీధి మొదట్లో తాము అనే పెద్దావిడ ఉంటుంది, లల్లా తాము అంటాం, లల్లా అంటే అమ్మగారు. ఆమె రొట్టె ముద్దలు పేర్చిన పిండిపలక నెత్తిన పెట్టుకుని వచ్చి అట్టముక్క చదివించుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, చదువు రాదు గాని నోరుంది.

"అయితే ఒరేయ్ బూష్తా, నా రొట్టె పాత మధ్యాహ్నానికి అవుతుందా, కొత్త మధ్యాహ్నానికా?"

"పిండి పొంగినప్పుడు అవుతుంది లల్లా."

"పిండికి నేను చెప్పుకుంటాలే. మనవడు కొత్త పన్నెండుకి బడి నుంచి వచ్చి ఏడుస్తాడు, వాడికి నువ్వు చెప్పు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరు చెప్పినా పిండి వినదన్నది మాత్రం నిజం. చలికాలంలో దానికి పట్టే సేపు దానికి పట్టాల్సిందే. ఏ మంత్రి వచ్చి నిలబడితే పొంగుతుంది?

నవంబర్ 7, బుధవారం

బడిపిల్లలు బళ్ళు వదిలి రోడ్డెక్కారు. బడులున్న కింది ఊళ్ళో వందలమంది. "మా నిద్ర మాకివ్వండి, మా వెలుగు మాకివ్వండి" అని అరుస్తూ, అక్కణ్ణుంచి మా పై ఊరికి ఎక్కే మెట్ల దాకా వచ్చారు. అందులో ఖౌలా కూడా ఉంది. గొంతు పోగొట్టుకుని వచ్చింది. దానికి వేడివేడి రొట్టె చీల్చి ఆలివ్ నూనె పోసి ఇచ్చాను. రహ్మా తిట్టింది, నేను తిట్టలేదు. నా కూతురు.

నవంబర్ 12

బీపీ పద్దెనిమిది, అంటే నూట ఎనభై. డాక్టరమ్మ మందు పెంచింది.

నవంబర్ 20, మంగళవారం

మంత్రులు మాట మార్చలేదు. పిల్లలు నోళ్ళు మూసుకుని చీకట్లో బడికి పోతున్నారు. అంతే, అయిపోయింది.

ఇదివరకు ఎలా ఉండేది? ఆడవాళ్ళు తెల్లవారు నమాజు కాగానే పిండి కలిపేవాళ్ళు. అది పొంగేసరికి పిల్లలు బడికి బయల్దేరేవాళ్ళు. పోతూ పోతూ పలక నా దగ్గర దించేవాళ్ళు, మధ్యాహ్నం వస్తూ వస్తూ కాలిన రొట్టె పట్టుకుపోయేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఒక్కరికీ నేను చీటీ రాయలేదు. ఏ ఇంటి రొట్టె ఏదో నా వేళ్ళకి తెలుసు. ఫలానావాళ్ళది అంచున నొక్కి ఉంటుంది, ఫలానావాళ్ళది నడుమ ఫోర్కుతో పొడిచి ఉంటుంది. లల్లా తాము బొటనవేలు ఒంకర, ఆ ఒంకర ముద్ర రొట్టె మీద పడుతుంది.

ఇప్పుడు నమాజు అయ్యేసరికే పిల్లలు చెప్పులేసుకుంటున్నారు. పిండి రాయిలా ఉంటుంది. పలక ఎవరు మోస్తారు? ముసలివాళ్ళు మోస్తున్నారు, లేకపోతే కింది ఊళ్ళో బేకరీ రొట్టె కొంటున్నారు. లోపల గాలి తప్ప ఏమీ లేని రొట్టె. ఇవాళ నా దగ్గరికి ఇరవై రెండు పలకలు వచ్చాయి. నిరుడు ఈ రోజుకి అరవై దాటేవి.

నేను లేనప్పుడు రహ్మా ఇంటి గడియారం కొత్త టైముకి మారుస్తోంది. ఆమె లేనప్పుడు నేను మళ్ళీ మారుస్తున్నాను. ఇవాళ ఇద్దరం ఒకేసారి కుర్చీ లాగాం.

"బూష్తా, నేను కుట్టుపనికి వెళ్ళాలి, పిల్ల బడికెళ్ళాలి. నీ పంతం భట్టీలో పెట్టుకో, ఇంట్లోకి తేకు" అంది.

ఇది పంతమా? అబద్ధం చెప్పే గడియారం ఇంట్లో వద్దన్నాను. చివరికి గడియారం నాకు, ఫోను ఆమెకి. పొద్దున్నే ఖౌలా రెండూ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుంది. లెక్కల్లో దానికి ఫస్టు మార్కు ఊరికే రాలేదు.

జనవరిలో దానికి పరీక్ష. అందులో నెగ్గితే వచ్చే ఏడాది ఫేజ్ నగరంలో హాస్టలున్న పెద్ద బడిలో సీటొస్తుందని దాని లెక్కల టీచరమ్మ చెప్పింది. దానికి ముందు మా వంశంలో ఏడో క్లాసు దాటినవాళ్ళు లేరు.

డిసెంబర్ 4, మంగళవారం

ఖౌలా మెట్ల మీద పడిపోయింది. పడలేదు, తోశారు. ఎవడో మలుపు దగ్గర నక్కి ఉన్నాడు. సంచి లాగాడు, అది వదల్లేదు, తోశాడు. పదకొండు మెట్లు దొర్లింది. కుడి మణికట్టు విరిగింది. పెదవి చిట్లింది. సంచి పోయింది.

చీకటి. ఎనిమిదవడానికి పావుగంట ఉందట, అయినా కటిక చీకటి. ఇది దేవుడిచ్చిన చీకటి కాదు, కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చిన చీకటి.

పోలీసు అడిగాడు, "మిగతా అమ్మాయిలందరూ కలిసి దిగారుగా, మీ పిల్ల ఒక్కతే ఎందుకు దిగింది?" అని. "మీ కొత్త టైము వల్ల!" అని అరిచాను. స్టేషన్ అంతా నా వైపు చూసింది. మళ్ళీ అరిచాను.

పలకలన్నీ అలాగే వదిలి పరుగెత్తాను కదా, లల్లా తాము రొట్టెలు పొయ్యిలోనే మాడిపోయాయి. ఈ సంగతి ఇక్కడెందుకు రాస్తున్నానో.

డిసెంబర్ 5

టైమే చేసింది. ఇంకెవరూ చెయ్యలేదు.

డిసెంబర్ 6, గురువారం

లల్లా తాము రెండు రోజులుగా పలక పంపడం లేదు. రొట్టెలు మాడినందుకు అలిగిందేమో. అలగనీ.

రహ్మా నాతో మాట్లాడటం లేదు. బీన్సు చారు గిన్నె నా ముందు పెట్టి లోపలికి పోతోంది. నేనేం చేశాను? టైము చేసింది.

డిసెంబర్ 7, శుక్రవారం

చెప్పేశాను. సోమవారం నుంచి ఖౌలా బడికి వెళ్ళదు. టైము మారేదాకా వెళ్ళదు.

"టైము ఎప్పుడు మారుతుంది నాన్నా?" అంది. చిట్లిన పెదవితో మాట ముద్దగా వస్తోంది.

"రంజాన్‌కి."

"రంజాన్ మే నెలలో. పరీక్ష జనవరిలో."

"ఆ మాట రబాత్ వాళ్ళని అడుగు. నిన్ను బడి మాన్పిస్తున్నది నేను కాదు, ఆ టైము."

అది నా కళ్ళలోకి చూసింది. ఏడవలేదు. "టైము నన్ను ఆపలేదు నాన్నా. నువ్వు ఆపుతున్నావు. చేసేదేదో నీ పేరుతో చెయ్యి" అంది.

రహ్మా మూడు రోజుల తరువాత నోరు విప్పింది. "శుక్రవారం చెప్పి సోమవారం నుంచి. వాళ్ళే నయం, మంత్రులు కాబట్టి ఎవర్నీ అడగలేదు. నువ్వు ఒకే గదిలో ఉండి కూడా అడగలేదు."

చెయ్యెత్తలేదు. నేను ఎప్పుడూ చెయ్యెత్తలేదు. తలుపు మాత్రం గట్టిగా వేశాను, గోడ సున్నం రాలింది.

నన్ను వాళ్ళతో పోలుస్తుందా? నేను దాని ప్రాణం కాపాడుతున్నాను.

డిసెంబర్ 10, సోమవారం

ఇంట్లో ఒక్కతీ ఉంటుందేమిటని భట్టీకి తెచ్చుకున్నాను. పొయ్యి పక్కన వెచ్చగా కూర్చోబెట్టాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రొట్టె ఇస్తే తీసుకుంది, థాంక్స్ అంది. పరాయివాళ్ళకి చెప్పినట్టు చెప్పింది.

"టైమెంతయిందే?" అని అడిగాను ఊరికే, మాట కలపాలని. నా గడియారం దాని నెత్తి మీదే ఉంది. అది తలెత్తి చూడకుండా, "పదీ ఇరవై" అంది. గడియారంలో తొమ్మిదీ ఇరవై.

డిసెంబర్ 14, శుక్రవారం

లెక్కల టీచరమ్మ భట్టీకి వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, చలికి ముక్కు ఎర్రబడి ఉంది. నేను ముందే మొదలుపెట్టాను, చీకటి, మంత్రులు, పోలీసులు, మెట్లకి దీపం పెట్టని మున్సిపాలిటీ. ఆమె మొత్తం విని, చేతులు పొయ్యికేసి కాచుకుంది.

"మాలెం, నేనూ పై ఊళ్ళోనే ఉంటాను. నేనూ ఆ మెట్లే దిగుతాను, ఆ చీకట్లోనే. మీరన్న ప్రతి మాటా నిజం. మరి ఖౌలా ఏం చెయ్యాలి?"

"వాళ్ళు టైము మార్చాలి."

"మార్చరు. ఇంకో ఇద్దరమ్మాయిలు కూడా మానేశారు, ఖౌలాని చూసి. వాళ్ళ నాన్నలు ఏమంటున్నారో తెలుసా? మాలెం బూష్తాయే మాన్పించాడు, మనమెంత అంటున్నారు. పరీక్ష జనవరి ఇరవై ఒకటో తేదీ. కుడి చెయ్యి అప్పటికి విప్పుతారు. ఒక్క మాట చెప్పండి, నేను పేరు ఉంచుతాను."

చెప్పలేదు. రెండు రొట్టెలు కట్టి ఇచ్చాను. తీసుకోలేదు.

ఆమె వెళ్ళాక ఖౌలా, "పాపం, రొట్టెలేం చేశాయి నాన్నా" అంది. అంతే అంది.

డిసెంబర్ 18, మంగళవారం

నా నోటుబుక్కు భట్టీలో ఉప్పు డబ్బా వెనక గూట్లో ఉంటుంది. ఇవాళ తీస్తే చేతిలోంచి జారి ముందు వైపు తెరుచుకుంది. డిసెంబర్ 10, డిసెంబర్ 11, డిసెంబర్ 12. తేదీలు వేసి ఉన్నాయి. తేదీల కింద లెక్కలు. అక్షరాలు ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకటో క్లాసు పిల్ల రాసినట్టున్నాయి. ఎడమ చేత్తో రాసింది.

సాయంత్రాలు పక్కింటి అమ్మాయి వచ్చి దాంతో గుసగుసలాడితే కబుర్లనుకున్నాను. పాఠాలు చెప్పి పోతోందన్నమాట. నేను రొట్టెలు తిప్పుతుంటే నా వీపు వెనక ఇది బడి నడుపుకుంటోంది. ఒక్క రోజు కూడా మానలేదు. నేను మాన్పించానని నేననుకున్నాను, అంతే.

ఈ నోటుబుక్కు రోజూ దాని చేతుల్లో ఉంది. అంటే వెనక వైపు కూడా తెరిచి ఉంటుంది. "టైమే చేసింది, ఇంకెవరూ చెయ్యలేదు" అని నేను రాసిన పేజీ చదివి ఉంటుంది. చదివి, నా పక్కనే కూర్చుని, థాంక్స్ అని రొట్టె తీసుకుంది.

నోటుబుక్కు మళ్ళీ ఉప్పు డబ్బా వెనకే పెట్టాను.

డిసెంబర్ 19, బుధవారం

లల్లా తాము వచ్చింది. పలక లేదు, ఉత్త చేతులు. ఖౌలా నీళ్ళకి వెళ్ళింది. ముసలామె గుమ్మంలోనే నిలబడింది.

"బూష్తా, పదిహేను రోజులుగా నాకు ముద్ద దిగటం లేదు. నా పలక కోసమని ఊరంతా అంటోంది. నేను పంపమన్లేదురా. ఆ పొద్దున ఈ గుమ్మంలోనే నీతో చెప్పాను, మోకాళ్ళు నొప్పులు, పలక మొయ్యలేను, పిండి ఇవాళ్టికి ఇంట్లోనే పెనం మీద కాల్చుకుంటానని. నువ్వే అన్నావు, ఖౌలా వస్తుంది, ఇంకా బోలెడు టైముందని. ఆ మాట నువ్వు ఎవరికైనా చెప్పావా?"

చెప్పలేదు. పోలీసుకి చెప్పలేదు. రహ్మాకి చెప్పలేదు, ఆమెకి ఎలాగో తెలుసు. ఈ కాగితానికి కూడా చెప్పలేదు.

ఇప్పుడు చెప్తాను. ఆ మంగళవారం కొత్త టైము ఏడుంబావుకి అమ్మాయిలు ఆరుగురూ భట్టీ గుమ్మం దగ్గరికి వచ్చి ఖౌలాని పిలిచారు. అది సంచి తగిలించుకుంది. నేను గడియారం చూశాను. నా గడియారం. ఆరుంబావు. "ఇంకా బోలెడు టైముంది, లల్లా తాము పలక తెచ్చిచ్చి పో" అన్నాను. "లేటవుతుంది నాన్నా" అంది. "నా గడియారంలో అవదు" అన్నాను. అమ్మాయిలు నవ్వారు. రొట్టెల కోసం నిలబడ్డవాళ్ళు నవ్వారు. అందరికన్నా ఎక్కువ నేను నవ్వాను. "మీరు పదండే, ఇది వస్తుంది" అని వాళ్ళని పంపించేశాను.

అది చీకట్లో లల్లా తాము ఇంటికి పరుగెత్తింది, పలక తెచ్చి దించింది, మళ్ళీ పరుగెత్తింది. పిండి బాగా పొంగి ఉంది. "చూశావా, పిండి ఎంత బాగుందో" అని దాని వీపుకి చెప్పాను.

బడి ఎనిమిదికని నాకు తెలియదా? తెలుసు. అమ్మాయిలు కలిసి దిగితేనే క్షేమమని తెలియదా? తెలుసు. నెలపైగా ఊరంతా ఆ టైముకి తల వంచింది. ఒక్కసారి, ఒక్కసారి నా గడియారం మాట నెగ్గాలనిపించింది. పది మంది ముందు నెగ్గింది. అరగంట సేపు నెగ్గింది.

ఖౌలా ఇది చదువుతుందో లేదో. చదివితే చదవనీ.

డిసెంబర్ 21, శుక్రవారం

చదివింది.

పొయ్యి ఆర్పుతుంటే వెనక నిలబడి చెప్పింది. "రాస్తే చాలదు నాన్నా. డాక్టరమ్మకి చాలుతుందేమో, నాకు చాలదు. నోటితో చెప్పు. అమ్మ ముందు, లల్లా తాము ముందు. ఆ రోజు నవ్వినవాళ్ళ ముందు."

"అంతమంది ముందా?"

"అంతమంది ముందే కదా నవ్వావు."

కోపమొచ్చింది. నా కూతురు నాకు శిక్ష వేస్తుందా అనిపించింది. ఇంటికొచ్చి చెంబు విసిరాను. చెంబు సొట్ట పడింది.

డిసెంబర్ 23, ఆదివారం

చెప్పాను.

పదిమంది ఉన్నారు గుమ్మంలో, పలకల కోసం. రహ్మాని రమ్మన్నాను. లల్లా తాముని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఏం చెప్పాలో రాత్రంతా కూడబలుక్కున్నాను గాని ఒక్కటీ గుర్తు రాలేదు. "మెట్ల మీద నా పిల్ల ఒంటరిగా దిగింది నా వల్ల. టైము వల్ల కాదు, లల్లా పలక వల్ల కాదు. నేను ఆపాను. నేను నెగ్గాలని ఆపాను" అన్నాను. గొంతు ఇంత చిన్నగా పలకడం నా జన్మలో మొదటిసారి. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

ఖౌలా తల ఊపింది. క్షమించిందో లేదో తెలియదు. తల మాత్రం ఊపింది.

తరువాత స్టూలెక్కి గడియారం దించాను. ముల్లు ముందుకి తిప్పాను. నేను ఓడిపోయాను, ఆ దొంగ టైము నా గోడ మీదికి కూడా ఎక్కింది. అట్టముక్క పీకి పొయ్యిలో పడేశాను.

"మాలెం చల్లబడ్డాడు" అంది వెనక నుంచి ఒకామె.

"చల్లబడలేదమ్మా, గంట ముందే రాజుకుంటున్నాను" అన్నాను. రేపట్నుంచి పొయ్యి గంట ముందు వెలిగిస్తాను. పిండి పొద్దున్న కాదు, పడుకోబోయే ముందు కలపండి, అందులో వేసే పులిసిన పిండి తగ్గించండి, చలికి మెల్లగా పొంగుతుంది, తెల్లారేసరికి సరిపోతుంది అని చెప్పాను. ముప్పై ఏళ్ళుగా ఈ ఆడవాళ్ళ పిండి మీద నేను మాట్లాడలేదు, మొదటిసారి మాట్లాడితే నానా తిట్లు తిట్టారు. "రాత్రి పిండి కలిపితే నిద్రెప్పుడు పోవాలి, నీ అబ్బ కలుపుతాడా?" అంది లల్లా తాము. తిట్టింది గాని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కలుపుతారు. నాకు తెలుసు.

అమ్మాయిలు ఏడుంబావుకి పలకలతో ఇక్కడికే రావాలి. ఇక్కణ్ణుంచి అందరూ కలిసి దిగాలి. వాళ్ళ వెనక నేనుంటాను.

డిసెంబర్ 24, సోమవారం

ఖౌలా కాక ఎనిమిది మంది అమ్మాయిలు. మానేసిన ఇద్దరూ కూడా వచ్చారు. పలకలు దించి సంచులు తగిలించుకున్నారు. నేను రొట్టెలు తోసే పొడుగు చెక్క పార భుజాన వేసుకున్నాను, ఇద్దరు మనుషుల పొడుగుంటుంది. ఇంకో చేతిలో బ్యాటరీ లైటు. టీచరమ్మ కూడా కలిసింది. నన్ను, నా పారనీ చూసి నోటికి స్కార్ఫు అడ్డం పెట్టుకుంది.

ఖౌలా ముందే చెప్పింది, "రా నాన్నా, కానీ నా చెయ్యి పట్టుకోకు. అందరి వెనకా రా."

వెనకే వెళ్ళాను. మలుపు దగ్గర అది ఆగింది. దాని వీపు చూస్తేనే తెలిసింది, కాళ్ళు కదలడం లేదు. పరుగెత్తుకెళ్ళి పట్టుకోవాలనిపించింది. పట్టుకోవద్దంది కదా, అక్కడే నిలబడ్డాను. మిగతా అమ్మాయిలు కూడా ఆగారు. ఒకమ్మాయి ఏదో అంది, అందరూ కిసుక్కుమన్నారు, నా పార గురించే అయి ఉంటుంది. అది మొదటి మెట్టు దిగింది.

బడి గేటు దగ్గర వాచ్‌మన్, "ఏం మాలెం, బడిలో రొట్టెలు కాలుస్తావా?" అన్నాడు. వాడి మీద అరవబోయి ఆగాను.

తిరిగొచ్చేసరికి నాలుగు రొట్టెలు మాడాయి. రేపట్నుంచి ఆ అరగంటా రహ్మా పొయ్యి చూస్తానంది. నాతో మాట్లాడిందన్నమాట.

జనవరి 9

మున్సిపాలిటీకి మళ్ళీ వెళ్ళాను, మెట్లకి దీపాలు కావాలని. బడ్జెట్టు లేదట. పొద్దున్నే దీపాలెందుకు, పొద్దున వెలుగే కదా అన్నాడు ఆ గుమాస్తా. కళ్ళెర్ర చేసి వాణ్ణి రేపు ఏడున్నరకి మెట్ల దగ్గరికి రమ్మన్నాను. రాలేదు. అక్కడ అరవలేదు, ఇక్కడ అరుస్తున్నాను: దొంగలు, సోమరులు, పగలు తిని రాత్రి పంచేవాళ్ళు.

జనవరి 16

కట్టు విప్పారు. మణికట్టు సన్నగా, తెల్లగా, ఇంకెవరిదో చెయ్యిలా ఉంది. కలం పట్టుకుంటే అయిదు నిమిషాలకి నొప్పి. పరీక్ష రెండు గంటలు. ఎడమ చేత్తో రాస్తానంది. "అలవాటయింది కదా" అంది. ఎలా అలవాటయిందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాటెత్తలేదు.

జనవరి 21, సోమవారం

ఇవాళ పరీక్ష.

పొద్దున మంచు. లైటు వేస్తే పది మెట్ల అవతల ఏమీ కనపడలేదు. మలుపు దగ్గర ఖౌలా ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరిగి, అందరి తలల మీంచి అరిచింది, "టైమెంత నాన్నా?"

ఫోను తీసి చూశాను. "ఏడూ ఇరవై అయిదు" అన్నాను.

అది టైమడిగితే నేను కొత్త టైము చెప్పడం ఇదే మొదటిసారి.

"అంటే నిజానికి ఆరూ ఇరవై అయిదు" అంది. అని దిగిపోయింది.

ఆ మాట విని పార గోడకి ఆనించాను. ఒక్క నిమిషం మెట్టు మీద కూర్చుని, లేచి మళ్ళీ వాళ్ళ వెనకే దిగాను. దానికి తెలుసు, నేను చెప్పింది మొత్తం తప్పు కాదని. మొదట్నుంచీ తెలుసు. రోడ్డెక్కి అరిచి గొంతు పోగొట్టుకున్నది అదే కదా. టైము దొంగదే, చీకటి నిజమే, నా కోపం నిజమే. ఆ కోపాన్ని తీసుకెళ్ళి దాని దారికి అడ్డం పెట్టడమే నేను చేసిన పని.

మధ్యాహ్నం వచ్చింది. ఎడమ చెయ్యంతా సిరా. ఎలా రాశావని అడిగితే, "అక్షరాలు ఒంకర, లెక్కలు తిన్నగా" అంది. రొట్టె తింటూ నోటుబుక్కు లాక్కుని చూసింది. దాని లెక్కలు అటు నుంచి, నా కోపం ఇటు నుంచి, మధ్యలో ఒక్క పేజీ మిగిలింది. "ఆ పేజీ నాది, ముందే చెప్తున్నా" అంది.

దానిదే. ఇక్కడితో ఆపుతాను.

మొన్న శుక్రవారం డాక్టరమ్మ చూస్తే బీపీ పదిహేడు. ఇంతకంటే దిగదని చెప్పాను. రబాత్ మీద కోపం ఎంతుందో అంతే ఉంది. నా మీద కూడా అంతే ఉంది. రేపు పొద్దున మళ్ళీ చీకటే. ఏడుంబావుకి అమ్మాయిలు గుమ్మంలో ఉంటారు. ఏ ఏడుంబావో ఇక ఎవరూ నన్ను అడగరు.